ఖైరూన్‌బీ కోసిన ప్యాకింగు

పోయిన వారం బోరు మోటారు బాగుచేసే అంగడికి వెళ్ళాను. వాళ్ళు కొత్తగా తీగ చుట్టి ఇచ్చిన మోటారు నెలకే కాలిపోయిందని అంగడివాడితో గొడవ మొదలుపెట్టానో లేదో, లోపల ఎవరో కార్కు షీటును ఇనుప ముక్క మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంబడి కొట్టడం వినిపించింది. తేలికగా ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకొకటి. నా మాట మధ్యలోనే ఆగిపోయింది. నన్నెరిగినవాళ్ళకు తెలుసు, నా గొడవలు మధ్యలో ఆగవు.

ఎనభైల మొదట్లో చిత్తూరులో మా ఎదురింటి వసారాలో పొద్దున్నించి సాయంత్రం దాకా అదే చప్పుడు. అక్కడ ఖైరూన్‌బీ ప్యాకింగులు కోసేది. ఇంజనులో రెండు ఇనుప ముక్కలు కలిసే చోట నూనె, పెట్రోలు కారకుండా మధ్యలో పెట్టే పలుచటి అట్టలవి. భర్త మెకానిక్కు. ఆయన పోయాక ఆమె ఇంటిని నడిపింది ఆ సుత్తే. పని అంతా మునస్వామి షెడ్డు నుంచే వచ్చేది. ఆ షెడ్డుకూ నాకూ పడదు. ఒకసారి నా కారు సీటు మీద గ్రీజు మరక చేసి, అది మునుపే ఉందని మునస్వామి బుకాయించాడు. నేను వర్తకుల సంఘానికి మూడు పేజీల అర్జీ రాశాను. మరక ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆ అర్జీ రాసిన రెండేళ్ళకు మా నాయన మా చీరల అంగడిలో నిచ్చెన మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరులో కట్టు కట్టించాం. ఫలానా రోజు తెచ్చి కట్టు మార్పించాలనీ, ఆ రోజు తప్పితే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ కట్టినాయన గట్టిగా చెప్పాడు. చాచిన కాలుతో నాయన బస్సులో కూర్చోలేడు. సరిగ్గా ముందు రోజు పొద్దున నా పాత కారు వీధి మలుపులో ఆగిపోయింది. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు తోడి ఇచ్చే పంపు చెడిపోయింది. గతిలేక మునస్వామి దగ్గరికే పోయాను. ఆయన తలెత్తలేదు.

"అర్జీ రాసిన చేత్తోనే బాగుచేసుకో పోప్పా. ఈడ నీకు పని జరగదు" అన్నాడు.

నేను రగిలిపోతూ తిరిగి వస్తుంటే ఖైరూన్‌బీ వసారాలోంచి పిలిచింది. "యాడికిప్పా, అంత కోపంగా పోతా ఉండావు? కొత్త పంపు కొనుక్కోని రా. రెండు బోల్టుల పని. నేను చెప్తా, నువ్వు చెయ్యి."

కారును మా ఇంటి ముందుకు తోయించాం. ఆమె పీట వేసుకుని పక్కన కూర్చుంది. ట్యాంకు వైపు పైపు ఊడదీయగానే దాని నోట్లో పెన్సిలు ముక్క దోపించి పెట్రోలు కారకుండా చేసింది. పంపు వెనక ఇనుప నాలుక లాంటిది ఒకటుంటుంది. ఇంజను లోపల తిరిగే ఇరుసు దాన్ని తోసినప్పుడల్లా పెట్రోలు ఒక గుక్క వస్తుంది. ఆ నాలుక ఎలా లోపలికి పోవాలో వేలు పెట్టి చూపించింది. రెండు ప్యాకింగులు కోసి ఇచ్చి, "ఒకటి పెట్టు. రెండోది డిక్కీలో ఉండనీ" అని నమాజుకు లోపలికి పోయింది. నేను రెండూ పెట్టాను.

ఇంజను రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. ఆమె వచ్చి, "ఎన్ని పెట్టినావు?" అంది.

"ఒకటే బీబమ్మా."

ఆమె పంపు అంచు మీద గోరు నడిపింది. "నేను కోసిన దాని మందం నాకు తెలీదా? ఎడం ఎక్కువైతే నాలుక అందదప్పా, గుక్క సగమే వస్తాది. రెండు ఎందుకు పెట్టినావు?"

"కారుతుందేమోనని."

"కాదు. మునస్వామికి కోసే చెయ్యి గదా అని నమ్మలేదు నువ్వు."

ఆ మాట నాకు తగిలింది. నిజం కావడం వల్ల ఇప్పటికీ కాస్త నొప్పిగానే ఉంది. ఒకటి తీసేసి బిగించాను. ఇంజను అందుకుంది, మరి ఆగలేదు. ఆమె చేతులు కడుక్కుంటూ, "నా పేరు మాత్రం యాడా చెప్పద్దు. ఆయన పని ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగిపోతాది" అంది. సరేనన్నాను.

మరునాడు నాయనను వెనక సీట్లో పడుకోబెట్టి పుత్తూరుకు బయలుదేరాను. దోవలో మునస్వామి షెడ్డు. బ్రేకు వేశాను.

"పోనీరా, ఆలస్యమవుతాది" అన్నాడు నాయన. నేను వినలేదు. ఇంజను ఆపకుండా దిగి, చూడమన్నాను.

మునస్వామి బానెట్టులోకి తొంగి చూశాడు. "పంపు సరే. ప్యాకింగు యాడిది? అంగడిలో అట్లాంటిది దొరకదే."

"నీకు కోసే చెయ్యే కోసింది" అన్నాను. ఆయన ముఖం మాడిపోవడం చూసి పుత్తూరు దాకా ఈల వేసుకుంటూ పోయాను.

నాయన కాలు వంకర లేకుండా అతుక్కుంది. కానీ ఆ వారం నుంచి ఎదురింట్లో సుత్తి చప్పుడు తగ్గింది. తర్వాతి వారం వినిపించలేదు. మునస్వామి ఏమీ అనలేదట, పని పంపడం మానేశాడంతే. నేను ఆమె వసారాలో నిలబడి, "నేనే చెప్పినాను బీబమ్మా" అన్నాను.

"తెలుసు. నీ గొంతు వీధి చివరికి వినిపిస్తాది, షెడ్డులో వినిపించదా?"

"వాడి మీద సంఘానికి మళ్ళీ రాస్తాను."

ఆమె నవ్వింది. ఆ నవ్వు నేను ఆశించింది కాదు. "రాసుకో. నాకు అది కూడు పెట్టదు. వారం వారం సరుకుకు తిరుపతికి పోతావు గదా, ఈ ప్యాకింగుల మూట తీసుకోనిపో. స్పేరు పార్టుల అంగళ్ళలో చూపించు. వాళ్ళు ఏమన్నా నువ్వు నోరు తెరవద్దు. అది చేతనైతేనే పట్టుకో."

పట్టుకున్నాను. తిరుపతిలో మొదటి అంగడివాడు మూట విప్పకుండానే పక్కకు నెట్టాడు. రెండోవాడు ఎవరు కోశారో అడిగి తెలుసుకుని, "ఆడమనిషి కోసిందా? నీకు వేరే యాపారం దొరకలేదా సామీ" అని నలుగురిలో నవ్వాడు. మూడోవాడు నన్ను ఎండలో గంటసేపు నిలబెట్టి, భోజనానికి లేచిపోయాడు. వాళ్ళ ముఖాలు, అంగడి బోర్డుల రంగులు ఇప్పుడడిగినా చెప్పగలను. ఒక్కరితోనూ గొడవకు దిగలేదు. నాలుగో వారం ఆ నవ్వినవాడే ఒక ప్యాకింగును వెలుతురుకు పట్టి చూసి, "అంచు బాగుండాదే. ఇంకో రెండు డజన్లు పంపమని చెప్పు" అన్నాడు. ఆమె చూపు మందగించేదాకా, తొమ్మిదేళ్ళు, ఆ మూట నా కారులోనే తిరుపతికి వెళ్ళింది.

ఆమె పోయి చాలా కాలమైంది. నేనేమీ మెత్తబడలేదు. తప్పు కనిపిస్తే ఇప్పటికీ కాగితం తీసుకుని కూర్చుంటాను. రాయడం పూర్తయ్యాక మాత్రం, ఇది చేరితే ఎవరి చేతిలో పని ఆగిపోతుందో ఒకసారి ఆలోచిస్తాను. సగం కాగితాలు అక్కడే చించేస్తాను. మిగతా సగం రిజిస్టరు పోస్టులో పంపిస్తాను.