కోడలి పళ్లెం ఫోటో

నాకు రాయరాదు. నేను చెప్తున్న, మనుమరాలు రాస్తున్నది.

నా కోడలు టీచరు. బాన్సువాడ నుంచి రోజు బీర్కూర్ దిక్కు ఒక బడికి పోయొస్తది. కరోనల ఫోన్ల పాఠాలు షురువైనయి. బడి తెరిచినా ఫోన్ మాత్రం బందు కాలే. అది మోగితే చాలు, కోడలు ఏ పనిల ఉన్నా ఇడిచి ఉరుకుతది.

ఇయ్యాల పొద్దుగూకినంక అన్నం ముంగట కూసుంటే మళ్ల మోగింది. ముద్ద ఇడిచిపెట్టి లేవబోయింది. నేనే ఫోన్ గుంజుకున్న.

"మేడంకు ఇయ్యుండ్రి అవ్వా, బడిల పిల్లల పగటి భోజనం ఫోటో ఇంక రాలే," అన్నడు హెడ్మాస్టర్ సారు.

"పిల్లలు పగటీలే తిన్నరు సారూ. మీ మేడం ఇప్పుడు తింటున్నది. ఆమె పళ్లెం ఫోటో పంపాల్నా?"



"నేను గూడ తినలేదు అవ్వా. పైనుంచి అడుగుతుండ్రు."

"ముందు పోయి తిను బిడ్డా," అని పెట్టేసిన.

కోపం మాత్రం దిగుతలేదు. గా పైనోళ్ల నంబరు మీలో ఎవరి దగ్గరనన్న ఉంటే నాకు చెప్పుండ్రి.