నాలాకు తలంటు పోసిన రోజు

కిష్టారెడ్డిపేటలో మా కాలనీ పక్కన మురుగు పారే నాలా మీద మనిషి ఎత్తు నురుగు లేచిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఫోన్లలో తిరిగిన ఆ వీడియో చూసి, "మళ్లీ కెమికల్ వదిలిండ్రు" అని ఏదో ఒక ఫ్యాక్టరీని తిట్టుకునే ఉంటారు. తిట్టినవాళ్లు దయచేసి ఆ తిట్లను వెనక్కి తీసుకుని ఇటు పంపండి. అవి నాకు రావలసినవి. ఆ రోజు ఒక మనిషి బతుకుతెరువు నా మూలంగా నాలాలో కలవబోయింది. ఇంతకాలం నోరు మూసుకున్నాను గానీ, ఇప్పటికీ కొందరు ఆ నేరం అతని మీదే వేస్తున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

నాకు పటాన్‌చెరు మార్కెట్‌లో కిరాణా దుకాణం ఉంది. మా నాయన పెట్టింది. ఇల్లు మాత్రం కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లలో. అప్పట్లో నేను కాలనీ సంఘానికి సెక్రటరీని. సెక్రటరీ అంటే ఎవరో తెలియనివాళ్లకు చెబుతున్నాను: లిఫ్టు ఆగితే తిట్లు తినేవాడు, లిఫ్టు నడిస్తే ఎవరికీ గుర్తురానివాడు.

ఆ ఏడు నాలా పారడం మానేసి పెరుగులా పేరుకుపోయింది. అందులో దోమలు ఎంతగా పెరిగాయంటే, సాయంత్రం బాల్కనీలో నిలబడి ఆవలించడానికి భయపడేవాళ్లం. పొగ మందు కొట్టిస్తే దోమలన్నీ కిటికీల్లోంచి లోపలికి వచ్చాయి, మనుషులు దగ్గుకుంటూ బయటికి వెళ్లారు. సంఘం మీటింగులో మా ప్రెసిడెంటు యాదగిరి సార్, రిటైరైన లెక్చరర్, నాలాలో కాలిన ఇంజన్ ఆయిల్ పోయిద్దామన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు పోసేది చాలదా సార్, మనం గూడ పోయాల్నా?" అన్నాను.

చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు చప్పట్లు పడడం అదే మొదలు. కల్లు తాగినవాడికి అంత ఎక్కదు. ఆ మత్తులోనే, "నేచురల్ పద్ధతిల నేను చేసి చూపిస్త" అని మాట కూడా ఇచ్చేశాను.

నీళ్లలో తలకిందులుగా వేలాడే దోమపిల్లలున్నాయి చూడండి, లార్వా అంటారు, వాటిని వేపనూనె, సీతాఫలం గింజలు, కుంకుడుకాయలు చంపుతాయని ఎక్కడో విన్నాను. వేప దగ్గర నా మనసు కదల్లేదు. సీతాఫలం దగ్గరా కదల్లేదు. కుంకుడుకాయ అనగానే మాత్రం ఎగిరి గంతేసింది. ఎందుకంటే మా గోదాంలో రెండు బస్తాల పాత కుంకుడుకాయలు మూలుగుతున్నాయి. షాంపూ పొట్లాలు వచ్చాక ఎలుకలు కూడా వాటి వంక చూడడం మానేశాయి. ప్రజాసేవ, గోదాం ఖాళీ రెండూ ఒకే దెబ్బకు. వ్యాపారస్తుడికి ఇంతకంటే మోక్షం ఏముంటుంది?

ముందు ఒక బకెట్ నాలా నీళ్లలో గుప్పెడు కాయల రసం పోసి చూశాను. మర్నాటికి దోమపిల్లలన్నీ అడుగున పడుకున్నాయి. మా ఆవిడ సరళను పిలిచి ఆ బకెట్‌ను కొత్త కారు చూపించినట్టు చూపించాను.

ఆమె బకెట్‌ను చూసింది, తర్వాత నన్ను చూసింది. "బకెట్ల అయింది గదా, బకెట్ల వరకే ఉంచుండ్రి. నాలాల ఎంత పొయ్యాల్నో తెలిసినోళ్లను అడగుండ్రి."

"నీకు తెల్వదు. ఇది నేచురల్. ఎంత పోసినా ఏం గాదు."

ఈ ఆఖరి మాటను కొంచెం గుర్తుపెట్టుకోండి.

టెంట్‌హౌస్ నుంచి పెళ్లివంటల డేగిసాలు తెప్పించి, గోదాం వెనక రెండు బస్తాలూ ఉడకబెట్టించాను. తెల్లవారగానే ఆ చిక్కటి పులుసును డ్రముల్లో తెచ్చి, నాలా పైభాగంలో పోసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం మీటింగులో లేచి ప్రకటిద్దామని, మళ్లీ ఆ చప్పట్లు విందామని నా ఆశ. తర్వాత దుకాణానికి వెళ్లి, లోకాన్ని ఉద్ధరించినవాడిలా పప్పులు తూచుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. వాన వెలిసేసరికి నా ఫోను మోగడం ఆగలేదు. నాలాలో కెమికల్ వదిలారట, నురుగు రోడ్డెక్కిందట, చేపలు చచ్చి తేలుతున్నాయట.

నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. పొద్దున్నే నేను శుభ్రం చేసిన నాలా అది! నా చేతుల్తో మందు పోసిన నాలాలో ఎవడో వచ్చి విషం కలుపుతాడా? నమ్మండి, నాకు వచ్చిన ఆలోచన ఇదొక్కటే. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి నురుగంటే ఫ్యాక్టరీ. అందులో ఇంకో అర్థం ఉంటుందని బుర్రకు తోచదు.

స్కూటర్ మీద ఎగిరి వచ్చాను. వాన పడితే నాలా నీళ్లు కల్వర్టు దగ్గర మెట్టు మీంచి కిందికి దూకుతాయి. అక్కడ తెల్లటి నురుగు గుట్టలుగా లేచి, రోడ్డు దాటి, ఒక ఆటోను సగం మింగి కూర్చుంది. దాని పక్కనే నీళ్ల ట్యాంకర్, ట్యాంకర్ వెనక పైపు నాలాలోకి వేలాడుతూ ఉంది. చుట్టూ జనం. మధ్యలో ఖదీర్.

ఖదీర్ మా కాలనీకి ఎన్నో ఏళ్లుగా నీళ్లు తెచ్చేవాడు. బోర్లు ఎండిన ఎండాకాలాల్లో అతని హారన్ వినబడితే ఆడవాళ్లు దండం పెట్టుకునేవారు. ఆ రోజు మాత్రం అందరూ అతన్ని దొంగను చూసినట్టు చూస్తున్నారు.

"సేటూ, మీరన్న చెప్పుండ్రి. నీళ్లు దించినంక ట్యాంకు కడుగుతున్న, గంతే," అన్నాడు నన్ను చూసి.

నేనేం చేశానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. క్యాబిన్ ఎక్కి తాళంచెవి పీకేశాను. పీకి, పైకెత్తి, ఉపన్యాసం ఇచ్చాను. ఫ్యాక్టరీ వ్యర్థాలకు నీళ్ల ట్యాంకర్లు అద్దెకిచ్చే ద్రోహులన్నాను. చప్పట్లు పడ్డాయి. ఇక ఈ బండి ఏ కాలనీలోకీ రాకూడదని యాదగిరి సార్ తీర్మానం చేశారు. పోలీసులకు ఫోన్ వెళ్లింది.

ఖదీర్ మళ్లీ వాదించలేదు. "బండి పోతే నేనేం తిని బతకాలె సేటూ?" అని ఒక్కటే మాట అడిగి, టైరుకు ఆనుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఎవరో నా చొక్కా లాగారు. సరళ. వేలికొసన ఇంత నురుగు అంటించుకుని నా ముక్కు కింద పెట్టింది.

"ఇది ఏం వాసనండి?"

చూశాను. మా చిన్నప్పటి ఆదివారాలు, అమ్మ మోకాళ్ల మధ్య ఇరుక్కున్న నా తల, కళ్ల మంట, నా ఏడుపు, అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి వచ్చాయి.

"గోదాంల బస్తాలు ఉన్నయా?" అని మెల్లగా అడిగింది.

చేతిలోని తాళంచెవి పొయ్యిలోంచి తీసినట్టు కాలింది.

నేనేమీ వీరుణ్ణి కాదు. ముందు దొడ్డిదారే వెతికాను. "పోనియ్యిండ్రి, పాపం, పేదోడు," అన్నాను జనంతో. ఎవడో వెనక నుంచి, "సెక్రటరీకి గూడ ముట్టింది రా," అన్నాడు. ఇక దారి లేక నిజం చెప్పేశాను. ఇది కెమికల్ కాదని, నా కుంకుడుకాయలని, పొద్దున నేనే పోశానని.

ఒక్కరు నమ్మితే ఒట్టు. ఫ్యాక్టరీవాళ్లు నన్ను ఎంతకు కొన్నారని అడిగారు. యాదగిరి సార్ అయితే, "నువ్వు గిట్లాంటోడివి అనుకోలేదయ్యా," అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

దూరంగా పోలీసు జీపు కనిపించింది. అప్పుడు నాకేం పూనిందో తెలియదు. వంగి, రెండు చేతుల నిండా ఆ నురుగు తీసి, నడిరోడ్డు మీద నెత్తికి రుద్దుకున్నాను. నాలా నురుగు. ఆ నాలాలో ఏమేం ఉంటాయో మీరు ఊహించకండి, నేనూ ఊహించలేదు. జనం అమ్మో అని వెనక్కి జరిగారు. నేను రుద్దుతూనే ఉన్నాను. ఇంతలో కుంకుడు తన సంగతి చూపించింది. కళ్లు భగ్గుమన్నాయి. చిన్నపిల్లాడిలా ఎగురుతూ, "నీళ్లు, నీళ్లు" అని అరిచాను.

అంత జనంలో ఎవరూ కదల్లేదు. ఒక పైపు ఈడ్చిన చప్పుడు మాత్రం వినిపించింది.

"కండ్లు మూసుకోండ్రి సేటూ," అన్నాడు ఖదీర్. ట్యాంకు అడుగున మిగిలిన చల్లటి నీళ్లు నా నెత్తి మీద ధారగా పడ్డాయి.

కళ్లు తెరిచేసరికి యాదగిరి సార్ నా తల మీదికి వంగి ఉన్నారు. ఒకసారి వాసన చూశారు. అనుమానం తీరక రెండోసారి చూశారు. "కుంకుడే," అని ప్రకటించారు. అప్పటికి జీపు దిగిన పోలీసులకూ నా తలే చూపించి పంపేశారు. తాళంచెవిని ఖదీర్ చేతిలో పెట్టాను. అతను దాన్ని జేబులో వేసుకుని, తన తువ్వాల నాకిచ్చాడు. మొహం ఎత్తకుండానే తుడుచుకున్నాను.

"మరి చేపలు?" అన్నారు యాదగిరి సార్.

అసలు దెబ్బ అక్కడ తగిలింది. కుంకుడు రసానికి దోమపిల్లలకూ చేపలకూ తేడా తెలియదు. అవి దోమపిల్లల్ని తినడానికని కిందటేడు మునిసిపాలిటీవాళ్లు వదిలిన చేపలు. ఆ ఫొటో మా సంఘం గదిలో ఇప్పటికీ ఉంది. చేపల కవరు పట్టుకుని ముందు వరసలో పళ్లికిలిస్తున్నది నేనే. ఏ జీతం అడగకుండా పని చేస్తున్న జీవాల్ని చంపి, అవి చేసే పనికే మందు పోసినవాణ్ణి నేను. వాన నీళ్లతో నా పులుసంతా కొట్టుకుపోయింది. దోమలు త్వరలోనే తిరిగొచ్చాయి. చేపలు రాలేదు. కొత్తవాటి కోసం నేనే ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చి వదిలాను. ఫొటో మాత్రం దిగలేదు.

ఖదీర్ బండి ఇప్పటికీ మా గేటు ముందు ఆగుతుంది. నన్ను చూస్తే చాలు, "సేటూ, ఇయ్యాల తలస్నానమా?" అని పైపు చూపిస్తాడు. ఆ హక్కు అతనికి ఉంది.

అందుకని సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. తెలిసినవాళ్లను అడగకుండా, కొలత చూడకుండా, చెట్టున కాసినదే కదా అని ఏ నీళ్లలోనూ ఏదీ పోయను. "ఎంత పోసినా ఏం గాదు" అన్న మాట ఇకమీద సాంబారు దగ్గర కూడా అనను. నా తల మీద ఒట్టు. ఆ తల ఎంత శుభ్రమైనదో మా కాలనీ అంతా సాక్ష్యం చెబుతుంది.