వంగిన గొర్రు కాళ్ళు

మా ఆయన పొలం నుంచి ట్రాక్టర్ తెచ్చే దారి పాలకేంద్రం ముందు నుంచి. అక్కడ కూర్చున్న నలుగురూ చూసి “దుక్కి అయిపోయిందా?” అని అడిగితే తప్ప ఆయనకి ఆ రోజు దున్నినట్టుండదు. అలాంటిది ఆ సాయంత్రం ట్రాక్టర్ దొడ్డిదారిన వచ్చి గడ్డివామి వెనక ఆగింది. ఆయన దిగి, ముందు గోడ మీంచి వీధిలోకి చూసి, తర్వాత నా వైపు చూశారు. దొంగకి తేలు కుడితే ముఖం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ట్రాక్టర్ వెనక గొర్రు చూశాను. తొమ్మిది ఇనప కాళ్ళ గొర్రు అది. వంపు తిరిగిన ఒక్కో కాలికీ కింద ఒక కర్రు, పైన ఒక స్ప్రింగు. నేలలో గట్టిది ఏదైనా తగిలితే స్ప్రింగు సాగి, కాలు వెనక్కి లేచి, దాటాక మళ్ళీ దిగుతుంది. చేసినవాళ్ళు అలా అనుకుని చేశారు. మా ఆయన వాళ్ళకంటే తెలివైనవారు కాబట్టి, వదులైన స్ప్రింగులు మార్చకుండా కట్టుతీగ చుట్టి బిగించారు. దాంతో ఆ కాళ్ళు లేవడం మానేశాయి. ఇప్పుడు ఎడమ చివర రెండు కాళ్ళు మెలితిరిగి పక్క కాళ్ళ మీద పడి ఉన్నాయి.

“ఏం తగిలింది?” అని అడిగాను.

“రాయి.”

నాకు నవ్వాగలేదు. మాది నల్లరేగడి. కుక్కని అదిలించడానికి రాయి కావాలన్నా డొంక దాకా పోవాలి. మా పొలం మొత్తానికి ఉన్నది ఒకటే రాయి. మాకూ మా బావగారికీ, అంటే మా ఆయన అన్నయ్యకీ, మధ్య గట్టులో పాతిన హద్దు రాయి. అది లేచి నడిచొచ్చి గొర్రు కింద పడుకునే రకం కాదు.

గట్టు సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ప్రతి దుక్కికీ గట్టు పక్కన ఒక సాలు ఎక్కువ పడుతుంది. ఎవరూ కావాలని వెయ్యరు పాపం. ట్రాక్టర్ అటు లాగుతుంది, స్టీరింగ్ అటు తిరుగుతుంది, ఎండ కళ్ళలో పడుతుంది. గట్టు ఏడాదికింత సన్నబడుతుంది. దాన్ని దొంగతనం అంటే మగవాళ్ళకి పౌరుషం వస్తుంది. ‘గట్టు సవరించడం’ అనాలి. పక్కవాడి చేలో పండుమిరపకాయ రాలి పడినా ముట్టుకోని మర్యాదస్తులు, గుడికీ చర్చికీ వారం తప్పనివాళ్ళు, గట్టు దగ్గరికి వచ్చేసరికి సవరించకుండా ఉండలేరు. అయితే తోడబుట్టినవాడి గట్టుని కూడా సవరిస్తారని నేను అనుకోలేదు. ఆ మాటే అంటే ఆయన చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

దానికి తోడు, ఆ గొర్రు మా ఒక్కళ్ళదీ కాదు. మావయ్య పోయాక, పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు కోరుకోవాలన్న పద్ధతిలో పొలం, పశువులు, ఇత్తడి బిందెలు అన్నీ రెండయ్యాయి. గొర్రుని నరకలేక ఉమ్మడిలో ఉంచారు. వారానికొకసారి చేతులు మారుతుంది. వాడినవాడు కడిగి రెండోవాడి వాకిట్లో పెట్టి రావాలి. ఆ వంకతోనే అన్నదమ్ములు ఒకరి వాకిలి ఒకరు తొక్కుతున్నారు. కిందటేడు బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగినప్పుడు బావగారు అనేశారు: “ఇంకొక్క తేడా వచ్చిందంటే గొర్రు అమ్మేద్దాం. ఎవడిది వాడు కొనుక్కుందాం.” ఆ మాటకి అత్తయ్య అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆవిడ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్ళింట్లో ఉంటుంది. ఆ గొర్రు కూడా పోతే తను తప్ప ఈ రెండిళ్ళ మధ్యా తిరిగేది ఇంకేదీ ఉండదని ఆవిడ బెంగ. ఎన్ని వెటకారాలాడినా నా బెంగా అదే.

మర్నాడు సాయంత్రానికి గొర్రు బావగారి వాకిట్లో ఉండాలి.

“మన కమ్మరికి ఇవ్వండి, పొద్దున్నే సాపు చేసిస్తాడు,” అన్నాను, తెలిసే.

“నీకు మతి పోయిందా? ఎడమ కాళ్ళు వంగాయని చూస్తే చాలు. ఎవరి గట్టో, ఎంత లోపలికి పోయానో కూడా చెప్పేస్తారు ఆ కొలిమి దగ్గర కూర్చునేవాళ్ళు.”

తెల్లారేసరికి ఆ రెండు కాళ్ళూ విప్పి మిరపకాయల గోతంలో వేశారు. నల్లపాడులో తెలిసినవాళ్ళెవరూ లేని వెల్డింగ్ షాపు ఒకటుందట. ఊరికే గుంటూరు వైపు పోతే అనుమానం వస్తుంది కాబట్టి నాకు పంటినొప్పి వచ్చింది. వచ్చిందంటే ఆయనే తెప్పించారు. బ్రాడీపేటలో డాక్టరుకి చూపించాలని పాలకేంద్రం దగ్గర అడగనివాళ్ళకి కూడా చెప్పారు. నేను చెంపకి చెయ్యి ఆనించుకుని ఆటోలో కూర్చున్నాను. గోతంలో మిగిలిన ఘాటుకి దారంతా ఒకటే తుమ్ములు.

“పంటినొప్పికి తుమ్ములేంటమ్మా?” అన్నాడు ఆటో అతను.

“కొత్త రకం నొప్పిలే బాబూ,” అన్నాను.

షాపాయన గోతం విప్పి, కాళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సాపు చేస్తాను గానీ, ఒకసారి వంగిన ఇనుము మళ్ళీ అక్కడే వంగుద్దండీ. కొత్తవి వేసుకోండి.”

“కొత్తవైతే తెలిసిపోద్ది. సాపు చెయ్యి చాలు,” అన్నారు మా ఆయన.

“రంగేసుకుంటే తెలవదండీ. పోయిన నెల ఒకాయన మీలాగే గోతంలో తెచ్చి, కొత్తవి కొనుక్కుని పోయాడు. పాతవి అదిగో, ఆ తుక్కులో పడున్నాయి.”

“ఆయన భార్యకీ పంటినొప్పేనా?” అని అడిగాను.

“కాదమ్మా, కళ్ళు చూపించడానికి తీసుకొచ్చాడంట.”

కిందటి నెల మా తోడికోడలికి కళ్ళు మసకలన్నారు. మా ఆయన తుక్కు దగ్గరికి పోయి ఆ రెండు కాళ్ళూ బయటికి లాగారు. నీలం రంగు. పైన వెల్డింగుతో పెట్టిన ఇంటూ గుర్తు. గొర్రు అరువుకి వెళ్ళినప్పుడు కాళ్ళు మారిపోకుండా మావయ్య పెట్టించిన గుర్తు అది. మెలిక మాత్రం మావాటికి ఎదురువైపు తిరిగి ఉంది. రోడ్డు నుంచి దున్నుకుంటూ పోతే గట్టు మాకు ఎడమ పక్క వస్తుంది, బావగారికి కుడి పక్క. ఆ రాయి ఇద్దరికీ సమానంగా న్యాయం చేసింది.

“చూశావా! సొంత తమ్ముడి గట్టే! వాడసలు మనిషేనా?” అని మా ఆయన ఊగిపోయారు. తన గోతం అక్కడే, కాళ్ళ దగ్గరే ఉంది. గురివింద గింజకి కూడా కాస్త సిగ్గుంటుందేమో. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఇక ఆ గొర్రు మిగలదని నిజంగా భయం వేసింది.

సాపు చేసిన కాళ్ళతో పాటు తుక్కులోవి కూడా గోతంలో వేసుకుని, ఊళ్ళో దిగీ దిగగానే ఇంటికి కూడా పోకుండా పొలానికి నడిచారు. నేను వెనకే పరుగు. బావగారు తన చేలో కూలీలతో మోళ్ళు ఏరిస్తున్నారు. మా ఆయన గట్టుకి ఇవతల నిలబడి ఆ పాత కాళ్ళు రెండూ ఆయన ముందుకి విసిరారు.

“ఇవి ఎవరివి అన్నయ్యా?”

బావగారు వాటిని చూశారు. తర్వాత గోతం వైపు చూశారు.

“అందులో ఇంకా ఏదో మోగుతుందేంట్రా?”

“అది వేరే.”

“తియ్యరా బయటికి!”

తీశారు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఎదుటివాడు ఎంత దొంగో పొలమంతా వినిపించేలా చెప్పుకున్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే కాబట్టి నాకు తీర్పు చెప్పే పని లేకపోయింది. చివరికి బావగారు, “గొర్రు అమ్మేద్దాం. రేపే,” అన్నారు. “అమ్మేద్దాం,” అన్నారు ఈయన.

అప్పుడే అత్తయ్య వచ్చింది. ఆ నెల బావగారి వంతు కాబట్టి వాళ్ళ కూలీలకి మజ్జిగ తెచ్చింది. ఎప్పుడు పొలం వచ్చినా ఆవిడ గట్టు మీదే కూర్చుంటుంది. గాలి బాగా వస్తుందని అనుకునేవాళ్ళం. ఆ రోజు కూడా మజ్జిగ క్యాను దించి, చీర సర్దుకుని గట్టు మీద కూర్చోబోయింది. అటూ ఇటూ చెక్కేసిన మట్టి పెళ్ళగా విరిగి జారింది. దాంతో పాటు ఆవిడ కూడా మా వైపు జారిపోయింది. ఇద్దరూ ఒక్కసారే పట్టుకున్నారు, ఆ చెయ్యి ఒకరు, ఈ చెయ్యి ఒకరు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మోచేతికి అంటిన మట్టి దులుపుకుంది.

“మీ నాయన ఉండగా ఈ గట్టు మీద పక్కపక్కన ఇద్దరు నడిచేవాళ్ళు. వాడి చేలో కూర్చుంటే వీడికి కోపం, వీడి చేలో కూర్చుంటే వాడికి కోపం. గట్టయితే ఎవరిదీ కాదు గదా అని ఇక్కడ కూర్చుంటున్నా. ఇంక నన్నెక్కడ కూర్చోమంటార్రా?”

కూలీలు కూడా మోళ్ళు ఏరడం ఆపేశారు. మా ఆయన ఖాళీ గోతం మడత పెట్టడం మొదలుపెట్టారు. బావగారు ఆ వంగిన కాళ్ళని చెప్పుతో పక్కకి నెట్టి, “మజ్జిగ తాగండి,” అన్నారు ఎవరితోనో. నేనూ అన్నేళ్ళుగా గాలి కోసమనే అనుకున్నాను.

గొర్రు అమ్మలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పారలూ తట్టలూ తెచ్చుకుని గట్టు పోశారు. ఎవరి పొలం మట్టి వాళ్ళు తెచ్చారు. వీళ్ళొక తట్ట వేస్తే వాళ్ళొక తట్ట, ఒక్క పిడికెడు ఎక్కువ పడకుండా ఒకరినొకరు కాపలా కాసుకుంటూ మరీ పోశారు. హద్దు రాయికి నీలం రంగు వేశారు, బావగారు కొత్త కాళ్ళకి వెయ్యడానికి తెచ్చిన రంగు ఎలాగూ మిగిలింది. సాయంత్రానికి గట్టు మళ్ళీ గట్టులా కనిపించింది. బావగారు తన కండువా తీసి దాని మీద పరిచి, “కూర్చో అమ్మా,” అన్నారు.

అత్తయ్య కాలి బొటనవేలితో మట్టిని నొక్కి చూసింది.

“కొత్త మట్టి గదరా. రెండు వానలు పడనీండి, గట్టిపడితే అప్పుడు కూర్చుంటాలే,” అని నిలబడే ఉంది.