అత్త వడగట్టిన అంబలి

మొన్న శుక్రవారం పొద్దున గుంతకల్లులో మా అత్త పోయింది. ముందురోజు సాయంత్రం దాకా చేటలో వేరుశనగ విత్తనాలు ఏరుతూనే ఉంది. అత్త పోతే కోడలు ఇంతగా ఏడవడమేమిటని వచ్చినవాళ్ళు వింతపడ్డారు. వాళ్ళకు తెలియని సంగతి మీకు చెబుతాను.

నేను గ్రహణం మొర్రితో పుట్టాను. చిన్నప్పుడే పెదవికీ అంగిలికీ ఆపరేషన్లు చేశారు. పెదవి కలిసింది గానీ, పెరిగేకొద్దీ పై దవడ లోపలే ఉండిపోయి కింది దవడ ముందుకొచ్చింది. పై ముందుపళ్ళు కిందివాటికి ఆనేవి కావు. రొట్టె తుంచి పక్కపళ్ళతో నమిలేదాన్ని, ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి.

పెళ్ళయిన నెలకే అత్త అడిగింది. "ఏమ్మా, గోడతో ఏమన్నా సుట్టరికం ఉండాదా నీకు?"

నవ్వబోయి ఏడ్చేశాను. అంతా చెప్పాను.

అత్త నన్నూ మా ఆయన్నూ వెంటబెట్టుకుని బెంగుళూరు ఆసుపత్రికి బయలుదేరింది. ముందు ఏడాదికి పైగా పళ్ళకు తీగలు కట్టి, తర్వాత పై దవడ కోసి ముందుకు జరుపుతామన్నాడు డాక్టరు. మాట ఇంకాస్త ముక్కుతో రావచ్చని కూడా అన్నాడు. నాకదే భయం. బడిలో పాఠాలు చెప్పి బతికేదాన్ని.

"పెండ్లయిపాయ గదా, ఇంగెవురికోసం వదినా?" అంది మా అమ్మ.

"తినేదానికి," అంది అత్త. నావైపు తిరిగి, "నోరు నీది. నువ్వే చెప్పల్ల," అంది.

నెల రోజులు ఆలోచించి సరేనన్నాను.

ఆపరేషన్ తర్వాత రెండు దవడలూ కలిపి కట్టేశారు. ఆరు వారాలు అంతా నీళ్ళ తిండే. అత్త రాగి అంబలిని పాత పంచెగుడ్డలో రెండుసార్లు వడగట్టి, సిరంజితో బుగ్గ పక్కనుంచి పోసేది. ఒకరోజు విసుగొచ్చి గిన్నె తోసేశాను. ఆమె చీరంతా తడిసింది.

"కోపమొచ్చిందంటే కోలుకున్నట్టేలే," అని మళ్ళీ వడగట్టుకొచ్చింది.

డాక్టరు చెప్పినట్టే మాట కొంచెం ముక్కులోకి దిగింది. నెలల తరబడి సాధన చేశాను. పూర్తిగా పోలేదు. పెదవి మీద గీత అలాగే ఉంది. కానీ పళ్ళు కలిశాయి. మొదటిసారి జొన్నరొట్టె కొరికిన రోజు అత్త నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆపరేషన్ రోజే కనిపిస్తోంది. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే తలుపు దగ్గర ఆమె చెప్పులు విడిచి చేతబట్టుకుంది. నర్సు వేసుకోమన్నా, నేను బయటికొచ్చేదాకా తొడగనంది. గంటల తర్వాత నన్ను బయటికి తెచ్చినప్పుడు, వాచిన రెప్పలు కొంచెం తెరిచి చూశాను. చల్లటి గచ్చు మీద వట్టి కాళ్ళతో, చెప్పులు గుండెకు హత్తుకుని, అత్త ఇంకా అక్కడే నిలబడి ఉంది.