రెండూ చేసే రుక్సానా

రుక్సానా గొప్ప ప్లేయర్ అని మా చిలకలూరిపేటలో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ సుఖం, మీకూ సుఖం. నా పేరు రెబ్కా. హైస్కూల్లో పీఈటీని. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల బేస్‌బాల్ అంటే నా పేరే చెప్పేవాళ్ళు. ఇప్పుడు దాని పేరు చెబుతున్నారు. అలాంటి దాని జీవితం గురించి ఒక పేజీ రాసిపెట్టమని మా క్లబ్బు వాళ్ళు వచ్చి నన్నే అడిగారు.

సంగతేమిటంటే, గ్రౌండులో కొత్తగా డ్రెస్సింగ్ రూమ్ కట్టారు. దాని గోడ మీద ఇప్పటిదాకా మా ఊళ్ళో ఆడినవాళ్ళందరిలోకీ గొప్ప ప్లేయర్ బొమ్మ వేయిస్తారట. ఒకటే గోడ, ఒకటే బొమ్మ. అది నాదా, రుక్సానాదా అన్నది ఆదివారం మీటింగులో తేల్చాలనుకున్నారు. అందుకని ఇద్దరి గురించీ చెరో పేజీ కావాలన్నారు. నా గురించి జక్రయ్య మాస్టారు రాశారు. దాని గురించి రాయడం నా నెత్తిన పడింది. మీటింగు అయిపోయింది గానీ, పేజీ మాత్రం ఇప్పటికి రాస్తున్నాను.

సరే, రాస్తాను. వాళ్ళ నాన్న పీరు జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాడు. వాళ్ళమ్మ సైదాబీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఎంత కడుక్కున్నా ఆమె చేతుల్లో ఘాటు పోయేది కాదు. అందుకని రుక్సానా ఐదేళ్ళప్పటి నుంచే తన జడ తనే వేసుకునేదట. ఇద్దరన్నలు సందులో క్రికెట్ ఆడుతూ, చెల్లెలితో పొద్దస్తమానం ఫీల్డింగ్ చేయించి చివర్లో బ్యాట్ ఇచ్చేవాళ్ళు. ఒకసారి చేతికొస్తే అది అవుటయ్యేది కాదు. సైదాబీ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేదాకా ఆడుతూనే ఉండేది.

ఇప్పుడు రుక్సానా వాళ్ళ నాన్న చేసిన మిల్లులోనే పని చేస్తోంది. లారీ రాగానే చిటికెడు పత్తి తీసి, రెండు చేతులతో లాగి, పింజ పొడవెంతో చూసి చెప్పేస్తుంది. మిషన్‌లో పెట్టి చూసినా అంతే వస్తుందట. అందులో కూడా పేరే. ఎక్కడ పెట్టినా పేరు తెచ్చుకోవడం కొందరికి రోగం.

బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పిచ్చర్ బాల్ విసురుతుంది. బ్యాటర్ కొట్టి, బ్యాట్ అక్కడే పడేసి, మొదటి బేస్‌కి పరిగెడుతుంది. అక్కణ్ణుంచి రెండో బేస్, మూడో బేస్, మళ్ళీ ఇల్లు, అంటే మొదలుపెట్టిన చోటు. మంచి పిచ్చర్‌కి మామూలుగా బ్యాటింగ్ రాదు. నాకూ రాదు. రుక్సానాకి రెండూ వచ్చు. అదీ గొడవ.

ఆదివారం పొద్దున మీటింగుకని కోటేష్ కూల్‌డ్రింక్ షాపు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కోటేష్ మా క్లబ్బు సెక్రటరీ. కూర్చోగానే ఫోన్ నా ముందు పెట్టాడు.

“చూశారా మేడమ్? జపానాయన. తనే విసురుతాడు, తనే కొడతాడు. ఇలాంటోడు ప్రపంచంలోనే పుట్టలేదని కొందరు, పాతకాలం వాళ్ళే గొప్పని కొందరు, అక్కడ కొట్టుకు చస్తున్నారు. మన రుక్సానా కూడా అంతే గదండీ!”

“ఏంటయ్యా అంతే? మా స్కూల్లో లెక్కల మాస్టారు సైన్సు కూడా చెప్తాడు. అంతమాత్రాన గొప్ప మాస్టారైపోయాడా?” అన్నాను.

“రెండూ బాగా చెప్తే అవుతాడు గదండీ.”

అప్పుడు జక్రయ్య మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. వయసులో ఉన్నప్పుడు క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరర్. మాకు బేస్‌బాల్ వచ్చిన కొత్తలో ఆ స్కోరు కూడా ఆయనే రాసేవారు. సంచిలోంచి పాత స్కోరు బుక్కు తీశారు.

“ఒరేయ్ కోటేషూ, పదహారేళ్ళ కిందటి మ్యాచ్ చూడు. రెబ్కా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అవతలి టీములో నీ రుక్సానా కూడా ఉంది. అది కూడా కొట్టలేకపోయింది. ఇంక వాదనెందుకురా?”

కోటేష్ ముఖం చిన్నబోయింది. నేను మాత్రం ఆ బుక్కు వైపు చూడలేదు. ఎందుకంటే ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో నాకు తెలుసు.

నేను పదో తరగతి. రుక్సానా ఎనిమిది. బేస్‌బాల్ ఆడటం దానికి అదే మొదలు. నేను విసిరిన బాల్‌ని ఫెన్సింగ్ దాకా కొట్టింది. కొట్టి, బ్యాట్ పట్టుకునే మొదటి బేస్ దాకా పరిగెత్తింది. బేస్ మీద కాలు వేసి, బ్యాట్ కూడా ఆనించింది. ఆనించి, రెండో పరుగు కోసం గిర్రున వెనక్కి తిరిగి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వచ్చేసింది! సందులో క్రికెట్ అలవాటు. బ్యాటర్ వెనకాల ఉండే మా క్యాచర్ బాల్ అందుకుని, దాంతో రుక్సానాని ముట్టుకుని అవుట్ చేసింది. గ్రౌండంతా పొట్ట పట్టుకుని నవ్వింది. జక్రయ్య మాస్టారు తన క్రికెట్ లెక్క ప్రకారం హిట్ రాయకుండా రనౌట్ అని రాసేశారు. ఒక్క హిట్ కూడా ఇవ్వలేదని మర్నాడు పేపర్లో నా ఫోటో పడింది.

తర్వాత పీఈటీ ట్రైనింగులో రూల్స్ పుస్తకం చదివాను. అలా కొట్టి మొదటి బేస్‌కి క్షేమంగా చేరితే చాలు, అది హిట్టే. ఆ తర్వాత అవుటైనా హిట్టు హిట్టే. ఆ రోజు పుస్తకం మూసేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

“రుక్సానాని కూడా ఒక మాట అడుగుదాం,” అని కోటేష్ ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో స్కూటీ మీద వచ్చింది. తల నిండా పత్తి నూగు. మాస్టారు స్కోరు బుక్కు చూపించారు. అది చూసింది, నా వైపు చూసింది, నవ్వింది.

“రెబ్కా అక్క బొమ్మే వేయించండి మాస్టారూ. ఆ రోజు నేను అవుటయ్యాను గదా.”

హిట్ అన్న మాటే ఎత్తలేదు. దానికి తెలుసని నాకు ఆ క్షణమే అర్థమైంది. సాయంత్రాలు గ్రౌండులో పిల్లలకి ఈ ఆటే నేర్పుతోంది, ఆమాత్రం రూలు తెలియదా? తెలిసీ ఆ గోడ నాకు వదిలేస్తోంది. విసరడంలో పేరు, కొట్టడంలో పేరు, ఇప్పుడు మంచితనంలో కూడా దానికే పేరా? నా వల్ల కాలేదు.

“అది హిట్టే మాస్టారూ,” అన్నాను. “మొదటి బేస్ తాకాకే వెనక్కి వచ్చింది. మీరు తప్పు రాశారు. నాకెప్పుడో తెలుసు. చెప్పలేదు.”

జక్రయ్య మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎంత మంచి మనసండీ మీది!” అన్నాడు కోటేష్. మంచి మనసూ లేదు, పాడూ లేదు. దాని చేతుల మీదుగా వచ్చే గోడ నాకక్కర్లేదు, అంతే. లేచి బండి దగ్గరికి నడిచాను. రుక్సానా వెనకాలే వచ్చింది.

“ఇన్నాళ్ళకి చెప్పావా అక్కా,” అంది. ఇప్పుడు నవ్వడం లేదు. “పేపర్లో నీ ఫోటో చూసి ఆ రోజు నేను అన్నం తినలేదు. కొట్టింది నేను, పేరు నీకు. ఇంక బాల్ కూడా నేనే విసురుతా, అప్పుడు చూద్దాం ఎవరి పేరు రాస్తారో అని అమ్మతో అన్నా. నీ మీద కుళ్ళుతోనే నేర్చుకున్నా ఆ పిచ్చింగ్.”

“మరి ఇందాక నా బొమ్మ వేయించమన్నావేంటే?”

“రోజూ దాని ముందు నుంచే గదా గ్రౌండులోకి వెళ్ళాలి నువ్వు. చూసినప్పుడల్లా నీకు ఆ హిట్టు గుర్తురావాలని.”

పదహారేళ్ళలో దాని మీద నాకు ఇష్టం పుట్టడం అదే మొదటిసారి. దేవతలా కనబడే మనిషి నాకంటే పెద్ద కుళ్ళుబోతని తెలిస్తే ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

బొమ్మ దానిదే వేస్తున్నారు. వేసుకోనివ్వండి. కానీ రెండూ చేసే రుక్సానాలో సగం నేను తయారుచేసిందే. కోటేష్ ఈ పేజీలోంచి ఈ ఒక్క వాక్యం కొట్టేస్తే మాత్రం నేను ఊరుకోను.