చదవకుండా తుడిచిన పలక

తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేసి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు మానేశారో కూడా తెలుసు. ఇంకెన్నాళ్ళో ఒక్కటే తెలియదు.

అత్తగారు పోయి పదేళ్ళయినా వాళ్ళని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తారు. అన్నదమ్ములిద్దరూ బస్సు డిపోలో పనిచేస్తారు, ఒకే బల్ల మీద భోజనం చేస్తారు, ఒకే జోకుకి నవ్వుతారు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం ఒకే కప్పు కింద పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఉండి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పింగాణీ పాత్రలు చేస్తారు. బోర్డు మీద స్టూడియో అని ఉంది. వీధికి అది మట్టి షాపు.

ముందు గదిలో పెద్దకోడలి చక్రం, మట్టి పిసికే రాతి బల్ల, గోడ పొడవునా ఆరబెట్టే అరలు. వెనక గదిలో కరెంటు బట్టీ. అది నిలువు బీరువా అంత ఉంటుంది, తలుపు ముందుకు తెరుచుకుంటుంది. పక్కన పాత్రలకి గాజుపూతలా పూసే గ్లేజు బాల్చీలు. ఆ వెనక పెట్టెలూ గడ్డీ ఉండే చిన్న సామాన్ల గది, దాని తాళంచెవి చిన్నకోడలి నడుముకే వేలాడుతుంది. చక్రం తిప్పడం పెద్దకోడలి పని. రంగులూ పూతలూ కాల్చడం, కట్టడం, అమ్మడం చిన్నకోడలివి. ఒకరు లేకపోతే రెండోవాళ్ళ పని పచ్చిమట్టే. అది ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరికీ ఒళ్ళుమంట.

తగువంతా దొరసాని గురించి. దొరసాని పెద్దకోడలి పిల్లి. పద్దెనిమిదేళ్ళుంటాయి. చెవులు వినపడవు, ఒక కన్ను మసక, మూత్రపిండాలు సగం పనిచేస్తాయి. పొద్దున లేవగానే మెడ చర్మం కింద సూదితో సెలైన్ ఎక్కించాలి. రెండు గంటలకొకసారి సిరంజితో నోట్లో నీళ్ళు, జావలా చేసిన చేప గుజ్జు. "ఒక్కరోజు నీళ్ళు తప్పితే నేను హామీ ఇవ్వలేనమ్మా" అన్నాడు జంతువుల డాక్టరు. ఇంట్లో వదిలేద్దామంటే నాలుగో అంతస్తు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా మనుషులుండరు. అందుకని దొరసాని రోజూ సంచిలో కూర్చుని స్టూడియోకొస్తుంది, చక్రం పక్కన గోనెపట్టాల మీద పడుకుంటుంది.

పెద్దకోడలికి అసలు చావు ఎక్కడంటే, మట్టికీ ఆగే గుణం లేదు. తిప్పిన పళ్ళెం పదునుకొచ్చినప్పుడే అడుగు చెక్కాలి. ఓ గంట ముందైతే వంగిపోతుంది, ఓ గంట తర్వాతైతే రాయి. కప్పుకి చెవి అతికించాలన్నా అంతే. సరిగ్గా ఆ గంటలోనే దొరసానికి నీళ్ళవేళ అవుతుంది. మట్టిచేతులు కడుక్కుని సిరంజి పట్టుకునేసరికి పళ్ళెం ఎండిపోతుంది. పళ్ళెం పూర్తిచేసి లేచేసరికి పిల్లి పెదాలు ఎండిపోతాయి. ఏడాదిగా పెద్దకోడలు ఈ రెంటి మధ్య పరుగు పెడుతూ మోకాళ్ళు అరగదీసుకుంది.

పోయిన చలికాలంలో దొరసాని నీలం గ్లేజు బాల్చీలో కక్కింది. రెండు రోజులు జల్లెడ పట్టిన గ్లేజు అది. చిన్నకోడలు బాల్చీ వైపు చూసి, "అది చావదు, మనల్ని బతకనివ్వదు" అంది.

"దాని చావు కోరిన నోటితో నాతో మాట్లాడకు" అంది పెద్దకోడలు.

"సరే" అంది చిన్నకోడలు.

ఆ 'సరే' ఆఖరి మాట. అక్కణ్ణుంచి అంతా పలకే. బట్టీ పక్క గోడకి వేలాడే పలక, ఒకప్పుడు కాల్చే వేళలు రాసుకోవడానికి పెట్టింది. ఇప్పుడు దానిమీద రోజుకో ఫిర్యాదు. 'నీ పిల్లి వెంట్రుకలు తెల్ల గ్లేజులో మూడు.' 'నీ పిల్లి నా పెట్టెల మీద ఉచ్చ పోసింది.' 'నీ పిల్లికి స్నానం చేయించు, లేకపోతే నువ్వైనా చెయ్యి.'

మొదట్లో పెద్దకోడలు కింద జవాబు రాసేది, 'దానికి పేరుంది' అని. తర్వాత విసుగొచ్చింది. ఇప్పుడు 'నీ పిల్లి' అన్న రెండు మాటలు కంటపడితే చాలు, తడి స్పాంజి తీసుకుని మిగతాది చదవకుండానే తుడిచేస్తుంది. అలా తుడుస్తుంటే చిన్నకోడలి మొహమే తుడిచేసినంత హాయిగా ఉండేది.

మూల మీద కొత్తగా భోజనశాల తెరుస్తున్న ఒకాయన నలభై ఎనిమిది పళ్ళేలు కావాలన్నాడు. వెడల్పాటివి, అంచు పల్చగా. పెద్దకోడలు నెలరోజులు వాటి మీదే ఉంది. ఆ నెలాఖరుకి, ఒక సాయంత్రం, మొగుడు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో మోసుకొచ్చిన మొహం.

"తమ్ముడి పెళ్ళాం ఒక మాట చెప్పమంది."

"దానికి నోరు పడిపోయిందా? నువ్వెవరు, తపాలా వాడివా?"

"చెప్పేది విను. ఈ పళ్ళేలు కాలి బయటికొచ్చాక, అక్కడ పిల్లైనా ఉండాలట, తనైనా ఉండాలట. తను పోతే బట్టీ తనతో పోతుందట. అది తన పేరునే కొన్నారుగా."

పెద్దకోడలు ఒళ్ళో ఉన్న దొరసాని వీపు మీద చెయ్యి ఆపింది. ముట్టుకుంటే ఎముకలే తగులుతున్నాయి.

"అంటే దీన్ని నాలుగో అంతస్తులో ఒంటరిగా చావమంటావా?"

"నేను అనలేదే! నేను తపాలా వాణ్ణి అని నువ్వే అన్నావుగా."

"నవ్వు. నవ్వు బాగా. అన్నదమ్ములిద్దరూ బల్ల మీద కూర్చుని నవ్వుకోండి."

"పోనీ ఒకసారి నువ్వే పలకరించొచ్చుగా? పెద్దదానివి."

"పెద్దదాన్ని కాబట్టే పలకరించను."

బుధవారం పొద్దున ఏడింటికి పెద్దకోడలు దొరసానిని గోనెపట్టాల మీద దింపి, సెలైన్ సీసాలు అయిపోయాయని డాక్టరు దగ్గరికి బస్సెక్కింది. బస్సు ఊరి అవతలి దాకా వెళ్ళాలి. అక్కడ ఒక కుక్కా, రెండు చిలకలూ ముందున్నాయి. తిరిగొచ్చేసరికి పది దాటింది. స్టూడియోలో ఎవరూ లేరు. బట్టీ వెలిగించి ఉంది, గుంయ్ అంటోంది. పళ్ళేలు లోపలున్నాయన్నమాట. పలక మీద రెండు వరుసలు, పైన 'నీ పిల్లి'. "పొద్దున్నే మొదలెట్టింది మహాతల్లి" అనుకుంటూ స్పాంజితో ఒక్క ఊపు ఊపింది.

అరలో పన్నెండు కప్పులు చెవుల కోసం పదునుగా ఎదురుచూస్తున్నాయి. గోనెపట్టాల మీద పిల్లి లేదు. ఏ అర కిందో దూరి ఉంటుంది, రోజూ చేసేదే. ముందు చెవులు అతికించేద్దాం, తర్వాత నీళ్ళు పడదాం అనుకుని కూర్చుంది. ఆ అనుకోవడం తర్వాత చాలా రోజులు ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పన్నెండు చెవులూ అయ్యాయి. సిరంజి నింపుకుని లేచింది. అరల కింద చూసింది. గ్లేజు బాల్చీల వెనక చూసింది. మట్టి గోనెల మధ్య చెయ్యి పెట్టి తడిమింది. పిలిచి లాభం లేదు, దానికి వినపడదు. నేల మీద కాలితో దబదబా కొట్టింది, ఆ అదురు తెలిస్తే వస్తుందని. రాలేదు. సామాన్ల గదికి తాళం ఉంది.

అప్పుడు చూపు పలక మీద పడింది. హడావుడిగా తుడిచిన తుడుపు. కింది వరుస చివర స్పాంజి అందని మూలలో ఒక్క మాట మిగిలింది. 'బట్టీలో'.

నిన్న సాయంత్రం బట్టీ ఖాళీ చేశారు. తలుపు వారగా వదిలారు. ఇటుకల్లో పొద్దుటికీ గోరువెచ్చదనం ఉంటుంది. వెచ్చదనం ఎక్కడుంటే దొరసాని అక్కడ. అట్టడుగు అర కింద చీకట్లో బూడిదరంగు పిల్లి ముడుచుకుని పడుకుంటే ఎవరికి కనపడుతుంది? కనపడితే మాత్రం? చావదు అన్న మనిషి కదా!

బట్టీ మీటరు మూడు వందల నలభై డిగ్రీలు చూపిస్తోంది. లోపలుంటే ఈపాటికి వాసన వచ్చేది అని బుద్ధి చెబుతూనే ఉంది. చేతులు వినలేదు. స్విచ్చి కట్టేసింది. మందపాటి చేతితొడుగులు వేసుకుని గొళ్ళెం లాగి, తలుపు బార్లా తీసేసింది.

వేడి మొహం మీద చరిచింది. కళ్ళు చికిలించుకుని వంగి అట్టడుగుకి చూసింది. ఇటుకలు, అర కాళ్ళు, అంతే. పిల్లి లేదు.

ఊపిరి వదిలిందో లేదో, చప్పుడు మొదలైంది. టిక్. కాస్త ఆగి, టిక్, టిక్. వేడి పళ్ళేల మీద చల్లగాలి పడింది. వెడల్పు పళ్ళెం ఎప్పుడూ ముందు విరుగుతుంది, ఆమెకి తెలియనిది కాదు. మళ్ళీ తలుపు మూసింది గానీ లోపల టిక్కుటిక్కు ఆగలేదు. నెలరోజుల పని ఒక్కొక్కటే పగులుతుంటే చేతితొడుగులతో చెవులు మూసుకుని నిలబడింది.

అట్టపెట్టెలు మోసుకుంటూ చిన్నకోడలు లోపలికొచ్చింది అప్పుడే. బట్టీ మీద ఆరిపోయిన ఎర్రదీపం చూసింది, మీటరు చూసింది. పెట్టెలు చేతుల్లోంచి జారిపోయాయి.

"తలుపు తీశావా?" ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట.

"నా పిల్లేది?"

"తలుపు తీశావా అని అడుగుతున్నా!"

"నా పిల్లేదే, రాక్షసీ!"

చిన్నకోడలు ఇంకేం మాట్లాడకుండా నడుముకున్న తాళంచెవి తీసి సామాన్ల గది తెరిచింది. 'పగిలే సామాను, జాగ్రత్త' అని రాసున్న పెట్టెలో, చిన్నకోడలి పాత స్వెట్టరు మీద, దొరసాని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పక్కన మూకుడులో నీళ్ళు.

"పొద్దున బట్టీలో పడుకుని ఉంది మహారాణి. చెయ్యి పెట్టి తడిమితే తగిలింది. తీసి ఇక్కడ పడుకోబెట్టాను. అదే రాశాను పలక మీద. అంతంత అక్షరాలతో రాశాను. చదవడం రాదా అక్కా నీకు?"

పెద్దకోడలు పిల్లిని లాక్కుని రొమ్ముకి అదుముకుంది. పిల్లి ఒంటి కన్ను తెరిచి, విసుగ్గా మళ్ళీ మూసింది.

"చదవలేదు."

"చదవలేదా?"

"నీ రాతలు నేను చదవను. చూడగానే తుడిచేస్తాను. నాలుగు నెలలైంది."

"నాలుగు నెలలుగా నేను గోడకి రాస్తున్నానా!" చిన్నకోడలు ఒంటికాలి మీద లేచింది. "గ్లేజు మారుస్తున్నానని రాశాను, చదవలేదు. చక్రం బెల్టు అరిగిందని రాశాను, చదవలేదు..."

"అవి కూడా 'నీ పిల్లి' అనే మొదలెట్టావా?"

చిన్నకోడలు తాళంచెవి మళ్ళీ నడుముకి దోపుకుంది. "అలవాటైపోయింది" అంది.

"తాళం ఎందుకేశావు మరి? ఎవరి సొమ్మని?"

"వెయ్యక? మళ్ళీ వచ్చి బట్టీలో దూరితే? దాని శవం కూడా నా మీదే వేసేదానివి. ఇప్పుడు వెయ్యలేదూ? నేనే కాల్చేశాననుకున్నావు కదూ? నిజం చెప్పు."

పెద్దకోడలు పిల్లి చెవుల మధ్య మొహం దాచుకుంది. బట్టీలో ఇంకోసారి టిక్కుమంది.

మర్నాడు చల్లారాక తీసి చూస్తే నలభై ఎనిమిదిలో ముప్పై ఒకటి పోయాయి. భోజనశాల ఆయన ఫోనులో అరిచిన అరుపు పక్కింటికి కూడా వినపడింది. మూడు వారాలు గడువిచ్చాడు, అదీ పదిహేడు పళ్ళేలు ముందు పంపితేనే. చిన్నకోడలు ముక్కలన్నీ బాల్చీలోకి ధడేల్ ధడేల్మని వేస్తూ, తల తిప్పకుండానే అంది:

"మూడు వారాలు నువ్వు చక్రం మీంచి లేవడానికి వీల్లేదు. దాని నీళ్ళు నేను పడతాను."

"నువ్వా? దాని చావు కోరినదానివి?"

"పళ్ళేల కోసం. దాని మీద ప్రేమ కాదు, నీ మీద అసలే కాదు."

"సిరంజి పక్కనుంచి పెట్టాలి. ఎదురుగా పెడితే పొలమారుతుంది."

"నేర్పకు. ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నాను."

"మరి తర్వాత? అది ఉండాలా, నువ్వు ఉండాలా అన్నావుగా?"

"పళ్ళేలు అయ్యాక మాట్లాడుకుందాం."

"పలక మీదా?"

"నోటితో. పలక నువ్వు చదవవుగా."

సోమవారం పెద్దకోడలు మధ్యాహ్నం ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు తిని తిరిగొచ్చింది. చిన్నకోడలు సామాన్ల గదిలో గడ్డి సర్దుతోంది, చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. పిల్లి గోనెపట్టాల మీద ఉంది. పలక నిండా రాత. పెద్దకోడలి చెయ్యి స్పాంజి మీదికి పోయింది. అక్కడే ఆగింది. దగ్గరికెళ్ళి, అక్షరం అక్షరం వేలితో వెంబడిస్తూ చదివింది.

'నీ పిల్లి నన్ను కరిచింది. పదకొండింటి నీళ్ళు సగం తాగింది, సగం నా మీద కక్కింది. దానికి అంతా నీ బుద్ధే. పళ్ళేలు ఆరు పదునుకొచ్చాయి, వెంటనే చెక్కు. బట్టీ ఖాళీగా ఉంది. చూశాను.'

చివరి దాకా చదివింది. చదివి, వెళ్ళి బట్టీ తలుపు తీసి, అట్టడుగు దాకా చెయ్యి పెట్టి తడిమి చూసింది. తలుపు వేసి వచ్చి, పలక తుడిచింది.

"చూశానని రాశాను కదా!" సామాన్ల గదిలోంచి కేక. "నమ్మకం లేదా?"

"లేదు" అంది పెద్దకోడలు, చక్రం ముందు కూర్చుంటూ.