వెనక టైరు, నాలుగు శనివారాలు

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా గేటు ముందు నుంచి బయల్దేరాం. గమ్యం ఎల్బీ నగర్. మెట్రోలో మూడో స్టేషనే, కానీ సైకిల్‌ని ఎక్కించుకోరు కాబట్టి నడక. ప్రయాణికులం ముగ్గురం: నేను, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి హారిక, గాలి పోయిన ఆమె సైకిల్. మిగతా ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు.

హారిక రోజూ ఈ సైకిల్ మీదే ఎల్బీ నగర్‌లో కోచింగ్‌కి వెళ్తుంది. వరసగా నాలుగు శనివారాలు, సరిగ్గా పరీక్ష ఉన్న రోజునే, కొత్తపేట దగ్గర వెనక టైరు గాలి పోయింది. "గుంతలు చూడకుండా తొక్కుతావు" అన్నాను. "చూసే తొక్కుతున్నా నాన్నా" అంది. నేను నమ్మలేదు. సైకిల్ అమ్మేసి ఆటో మాట్లాడతానన్నాను. ఆ రాత్రి ఏడ్చింది, పంక్చర్‌కే అనుకున్నాను.

నావైపు నుంచి లోపం లేదు. ఆమధ్య ఒక పంక్చర్ అయినప్పుడే దిష్టి అనుకుని, శనివారం శనివారం హ్యాండిల్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కడుతున్నాను. దారం తెగిపోతోందని ఇనుప తీగకు గుచ్చి మరీ కట్టాను. అయినా పంక్చర్లు పెరిగాయి. అమ్మేముందు కారణం తేల్చుకుందామని ఈ యాత్ర.

ఏడూ ఐదుకి చైతన్యపురి. బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. హారిక బండికి అవతలి పక్కన నిలబడి తింది.

ఏడున్నరకి కొత్తపేట. కూరగాయల పెట్టెల మేకులే కారణమని నా అనుమానం. రైతుబజార్ ముందు వంగి వెతుకుతుంటే ఒకావిడ అడిగింది:

"ఏం పోగొట్టుకున్నవ్ సారూ?"

"మేకులు చూస్తున్నానమ్మా."

"ఎన్ని గావాలె?"

ఒక్కటీ దొరకలేదు.

ఎనిమిదింటికి ఎల్బీ నగర్. మెకానిక్ యాదగిరి టైరు ఊడదీసి, లోపల వేళ్లతో తడిమి, పటకారుతో ఏదో లాగాడు.

"మేకు గాదు సార్, సన్న తీగ. గీ కొసకు మిరపగింజ అంటుకున్నది సూడుండ్రి. దిష్టి నిమ్మకాయ మార్చినోళ్లు పాతది రోడ్డు మీద పారేస్తరు గదా. మీ గల్లీల ఎవరో తీగకు గుచ్చి పారేస్తున్నరు. జర ఎవరో కనుక్కోండ్రి."

హారిక నావైపు చూసింది. నేను మెట్రో స్తంభం మీది నంబరు చదివాను.

ప్రతి శనివారం ఆరింటికి పాతది తీసి, ఆచారం ప్రకారం గేటు ముందు దారిలో వేసి, కొత్తది కడతాను. ఆరున్నరకి ఆమె దాని మీదుగానే బయటికి వెళ్తుంది. గాలి మెల్లగా తగ్గుతూ కొత్తపేట దాకా వస్తుంది.

తిరుగు ప్రయాణం ఎనిమిదిన్నరకి. హారిక మెల్లగా తొక్కుతోంది, వెనక నేను నడుస్తున్నాను. ఈ దారిలో తను తొక్కగా నేనెప్పుడూ చూడలేదు. ప్రతి గుంతనీ పక్కనుంచి దాటింది. గాజుపెంకులు కనబడితే దిగి, సైకిల్ ఎత్తి అవతల పెట్టింది. ఎవరూ చూడకపోయినా రోజూ ఇలాగే వెళ్తోందని తెలిసిపోతోంది. నాకు సిగ్గేసింది.

చైతన్యపురి దగ్గర నాకోసం ఆగింది.

"తప్పు నాదేనమ్మా. నీ మాట నమ్మాల్సింది."

"పంక్చర్‌కి ఏడవలేదు నాన్నా," అంది, "దానికే ఏడ్చా."